న్యుమోనియా ‘ఎన్’లో లేదు: రెండు వైద్య నిఘంటువులతో మా దుకాణం అనుభవం

న్యుమోనియా కోసం మొదటిసారి నిఘంటువు తెరిచినప్పుడు నేను ‘ఎన్’ అక్షరం దగ్గర వెతికాను. పావుగంట వెతికాను. కౌంటరు ముందు నిలబడ్డ పెద్దాయన కోవూరు బస్సు వెళ్లిపోతుందేమోనని గోడ గడియారం వైపే చూస్తున్నాడు. ఆ మాట ‘పి’తో మొదలవుతుందనీ, ఆ ‘పి’ నోరు మెదపదనీ చివరికి ఎదురుగా ఉన్న మందుల దుకాణం కుర్రవాడు చెప్పాడు. సోరియాసిస్‌కూ అదే మూగ ‘పి’ ఉందట. పలికినట్టే రాసుకునే భాషలో పుట్టి పెరిగినదాన్ని, నాకెలా తెలుస్తుంది?

నెల్లూరులో వీఆర్సీ సెంటరు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మాది డీటీపీ, జిరాక్సు దుకాణం. శుభలేఖలు, అద్దె కాగితాలు, అర్జీలు మా అసలు పని. పొగతోట దగ్గర కావడంతో ఆసుపత్రి కాగితాల పని దానంతట అదే వచ్చి చేరింది. చెన్నైకో వేలూరుకో పెద్ద ఆసుపత్రికి బయలుదేరే వాళ్లు ఇన్నాళ్ల జబ్బు చరిత్రను ఒక్క కాగితం మీద ఇంగ్లీషులో రాసిపెట్టమంటారు. తిరిగి వచ్చాక అక్కడిచ్చిన డిశ్చార్జి కాగితంలో ఏముందో తెలుగులో చెప్పమంటారు. బీమా క్లెయిముల వాళ్లు సరేసరి. మందుల మోతాదు జోలికి మాత్రం నేను వెళ్లను. ఎంత బతిమాలినా ఆ గీత దాటను. మాటకు మాట చెప్పడం వరకే నా పని.

ఆ పనికి ఇరవై ఏళ్లుగా నాకు దిక్కు ఒక లావుపాటి అక్షరక్రమ వైద్య నిఘంటువు. అట్ట ఊడితే రెండుసార్లు బైండింగు చేయించాను. దాని మీద కోపం లేదు కానీ, దానికి ఒక పుట్టుగుణం ఉంది. మాట ముందే తెలిసిన వాడికే అది తలుపు తీస్తుంది. వింజమూరు నుంచి వచ్చిన రైతు "అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయి అమ్మా" అంటాడు. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలిస్తే నిఘంటువు అవసరమే లేదు. తెలియకపోతే ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టాలి?

మా నాన్న తెలుగు పండితుడు. చిన్నప్పుడు మాకు అమరం వల్లె వేయించేవాడు. అమరకోశమనే ఆ సంస్కృత నిఘంటువులో అకారాది క్రమం ఉండదు. మూడు కాండలు, ఒక్కో కాండలో వర్గాలు. స్వర్గం గురించిన మాటలు ఒకచోట, భూమి గురించినవి ఒకచోట, మనుషుల గురించినవి మనుష్యవర్గంలో. జబ్బుల పేర్లు కూడా అందులోనే. క్షయ, శోష, యక్ష్మ మూడూ పక్కపక్కనే ఉంటాయి. జలుబుకున్న పేర్లు పీనసం, ప్రతిశ్యాయం జంటగా వస్తాయి. అంటే ముందు భావన, దాని చుట్టూ దానికున్న పేర్లన్నీ. ఎండలో కూర్చోబెట్టి ఇదంతా ఎందుకు చదివిస్తున్నాడా అని అప్పట్లో తిట్టుకున్నాను. యాభై దాటాక ఒక కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఆయన్ను తలుచుకోవలసి వస్తుందని అనుకోలేదు.

చెన్నైలో మెడికల్ కోడింగ్ చేసే మా మేనల్లుడు సంక్రాంతికి వచ్చినప్పుడు నా అవస్థ చూసి, "అత్తా, ఆ పుస్తకం పక్కన పెట్టి ఇది చూడు" అని దుకాణం కంప్యూటర్‌లో స్నోమెడ్ సీటీ తెరిచి ఇచ్చాడు. ఇక్కడ సీటీ అంటే స్కానింగు కాదు, క్లినికల్ టెర్మ్స్. అమెరికా పాథాలజిస్టుల కళాశాల తయారు చేసుకున్న పదకోశాన్నీ, బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల పదకోశాన్నీ కలిపి 2002లో దీన్ని కట్టారు. 2007 నుంచి ఒక అంతర్జాతీయ సంస్థ చేతిలో ఉంది. మన దేశం 2014లో ఆ సంస్థలో సభ్యురాలైంది కాబట్టి ఇక్కడి వాళ్లకు డబ్బు కట్టే పని లేదు. దేశంలో దీని బాధ్యత పుణెలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ సంస్థది. 3.5 లక్షలకు పైగా భావనలు ఉన్నాయి. నిజానికి ఇది ఆసుపత్రుల కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తయారైన సరుకు. నాలాంటి వాళ్ల కోసం కాదు. అయినా వెతుక్కునే పేజీ అందరికీ తెరిచే ఉంది. మొదట ఒక ఒప్పంద పత్రం వస్తుంది, అంగీకరించి లోపలికి వెళ్లడమే.

మేనల్లుడు మొదట చూపించింది గుండెపోటు. ఎడమవైపు గడిలో మాట మొత్తం రాయనక్కర్లేదు. ‘హార్ట్’లో మొదటి మూడక్షరాలు, ‘అటాక్’లో మొదటి మూడక్షరాలు కొట్టాడు. వరుస తారుమారైనా పరవాలేదట. కుడివైపు పేజీ తెరుచుకుంది. పైన పెద్ద పేరు మయోకార్డియల్ ఇన్‌ఫార్‌క్షన్, పక్కన దాని అంకె 22298006. కింద పర్యాయపదాలు: హార్ట్ అటాక్, కార్డియాక్ ఇన్‌ఫార్‌క్షన్, ఎంఐ అనే పొట్టి పేరు. డాక్టరు ఏ పేరు రాసినా, ఏ పొట్టి అక్షరాలు గిలికినా ఆ అంకె దగ్గరికే చేరతాం. పేర్లు పది, భావన ఒకటి. అమరం కాక మరేమిటి ఇది?

ఆ పేజీలో నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. పక్కన ఒక పెట్టెలో రెండు ముక్కలున్నాయి. జబ్బు ఉన్న చోటు: గుండె కండరం. అక్కడ జరిగిన మార్పు: ఇన్‌ఫార్‌క్ట్, అంటే రక్తం అందక కణజాలం చచ్చిపోవడం. వాక్యం లేదు, వివరణ లేదు. ఆ రెండు ముక్కలు చాలు, తెలుగులో ఎలా చెప్పాలో నాకు తెలిసిపోయింది. "గుండె కండరంలో కొంత భాగానికి రక్తం అందక దెబ్బతిన్నది" అని రాశాను. ఆ పాత లావు పుస్తకం ఇదే విషయాన్ని ఏడు పంక్తులు చెబుతుంది. ఏడు పంక్తుల్లో నాకు తెలియని మాటలు మరో నాలుగు.

ఎక్కువగా ఉపయోగపడింది వేరుచేసి చూపించడంలో. మన వైపు గుండెపోటును కూడా చాలామంది ‘స్ట్రోక్’ అంటారు, ‘హార్ట్ స్ట్రోక్’ అని కూడా. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒకాయన వాళ్ల నాన్నకు స్ట్రోక్ వచ్చిందని చెబితే నేను అదే మాట ఇంగ్లీషులో కొట్టేసి పంపేదాన్నే. ఈసారి వెతికి చూశాను. స్ట్రోక్ పేజీ మెదడు రక్తనాళాల వైపు తీసుకెళ్లింది. "నాన్నగారికి కాలూ చెయ్యీ పడిపోయాయా, మూతి వంకర తిరిగిందా?" అని అడిగాను. "అదేమీ లేదమ్మా, గుండెకు స్టెంటు వేశారు" అన్నాడు. ఒక్క మాటకు రోగి మెదడు నుంచి గుండెకు వచ్చాడు. అదే పూట ఇంకో సంగతి తెలిసింది. గుండె కొట్టుకోవడం ఆగిపోవడానికి వేరే పేజీ, వేరే అంకె. పేపర్లలో రెండింటికీ గుండెపోటనే రాస్తారు. బీమా కాగితం మీద అలా రాస్తే కుదరదు.

ప్రతి భావన పూర్తి పేరు చివరా చిన్న అక్షరాల్లో ఒక ముద్ర ఉంటుంది. జబ్బు అయితే ‘డిజార్డర్’, పైకి కనిపించేదో రోగి చెప్పేదో అయితే ‘ఫైండింగ్’, ఆపరేషను లాంటిదైతే ‘ప్రొసీజర్’. మొదట్లో దాన్ని పట్టించుకోలేదు. కామెర్లు వెతికినప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. కామెర్లకు వేసిన ముద్ర ‘ఫైండింగ్’. అంటే కామెర్లు ఒక లక్షణం, కళ్లూ ఒళ్లూ పచ్చబడటం. దాని వెనక కాలేయం వాపు ఉండొచ్చు, పిత్తనాళంలో రాయి ఉండొచ్చు, మరొకటి ఉండొచ్చు. మన ఊళ్లలో కామెర్లే జబ్బు. దానికి ఒకే పసరు, ఒకే పథ్యం, పసరు పోసే వారం కూడా ఒకటే. ఆ ముద్రలో ఉన్న తేడాను ఒక తరం ముందే ఎవరైనా చెప్పి ఉంటే మా పెదనాన్న విషయంలో మూడు వారాలు పోగొట్టుకునే వాళ్లం కాదు. ఆ కథ ఇక్కడ వద్దు.

ఇప్పుడు తిట్లు. తెలుగు లేదు. ఇది అన్నిటికన్నా పెద్ద లోటు. రెండోది, స్పెల్లింగు తప్పితే చేతులెత్తేస్తుంది. న్యుమోనియాను ‘ఎన్’తో కొట్టండి, ఇరవై ఏళ్ల కిందటి నా పావుగంట మళ్లీ మీకు ఎదురవుతుంది. ఇన్ని లక్షల భావనల మధ్య చుట్టరికాలు తెలిసిన యంత్రానికి, వినికిడిని బట్టి రాసే మనిషి అవస్థ తెలియదు. మూడోది, ఫోనులో చూడటం నరకం. తెర రెండు ముక్కలుగా ఉండేలా కట్టిన పేజీ అది, ఫోనులో వేళ్లతో లాగీ లాగీ విసుగొస్తుంది. పెద్ద తెర ఉంటేనే దీని జోలికి వెళ్లండి. నాలుగోది, ముందే చెప్పినట్టు, చాలా పేజీల్లో వాక్యంలో అర్థం ఉండదు. చుట్టరికం చెబుతుంది, సంగతి చెప్పదు. పెళ్లికొడుకు ఎవరి కొడుకో, ఏ ఊరో చెప్పి, ఏం చేస్తాడో చెప్పని పెళ్లిళ్ల పేరయ్య లాంటిది.

ఆ సంగతి కోసమే రెండోది పట్టుకున్నాను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్ల మెష్, అంటే మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్. 1960లో మొదలైంది, ఏటా సవరిస్తారు, ఇది కూడా ఉచితం. ఇందులో దాదాపు ప్రతి పేరు కిందా ఒకటి రెండు వాక్యాల్లో అర్థం ఉంటుంది. గుండెపోటు పేజీలో గుండె కండరం చచ్చిపోవడమనీ, గుండెకు రక్తం వెళ్లే దారి మూసుకుపోవడం వల్లననీ ఒక్క వాక్యంలో ఉంది. కింద చెట్టు కొమ్మల్లా వరుసలు. ఒకే మాట రెండు కొమ్మల మీద కూర్చోవచ్చు. గుండెపోటు గుండె జబ్బుల కిందా ఉంది, రక్తనాళాల జబ్బుల కిందా ఉంది. ఇది నాకు నచ్చింది. మనిషి కూడా ఒకరికి కూతురు, మరొకరికి కోడలు.

నచ్చింది కదా అని కనబడిన ప్రతివాళ్లకూ చెప్పాను. అక్కడే చేయి కాలింది.

కావలిలో ఉండే మా ఆడపడుచు కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. కడుపునొప్పి అంటే స్కానింగు తీయించారు. అండాశయం మీద సిస్టు ఉందని కాగితంలో రాశారు. నేను చెప్పిన మెష్ ఆ పిల్ల ఫోనులో తెరిచింది. రాత్రి పదిన్నరకు ఆడపడుచు ఫోను చేసి, "వదినా, పిల్లకు క్యాన్సరట" అని ఏడుపు. నాకు కాళ్లలో సత్తువ పోయింది. కాగితం ఫొటో పంపమన్నాను. అందులో సాదా సిస్టు అని మాత్రమే ఉంది. మరి క్యాన్సరు ఎక్కడి నుంచి వచ్చింది?

దుకాణం తాళం మళ్లీ తీసి కూర్చున్నాను. పిల్ల చూసిన పేజీయే చూశాను. అండాశయపు సిస్టులు అనే కొమ్మ, దాని పైన సిస్టులు, దాని పైన నియోప్లాజమ్స్. నియోప్లాజమ్స్ పేజీ తెరిస్తే పర్యాయపదాల వరుసలో ట్యూమరు, క్యాన్సరు, హాని లేని కణుతులు అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. ఆ పిల్ల రెండు మెట్లు ఎక్కింది, మూడో మెట్టు మీద క్యాన్సరు అనే మాట కనబడింది. తప్పు చదవలేదు. ఉన్నదే చదివింది.

ఇది మెష్ తప్పని అనలేను. అది గ్రంథాలయం వాళ్లు వ్యాసాలను అరల్లో సర్దుకోవడానికి వేసుకున్న చెట్టు. సిస్టుల గురించిన వ్యాసాలు, కణుతుల గురించినవి ఒకే అరలో ఉంటే వెతుక్కునే వాళ్లకు సులువు. మా దుకాణంలో పెళ్లి కార్డులూ, పెద్దకర్మ కార్డులూ ఒకే బీరువాలో ఉంటాయి. కాగితం సైజు ఒకటే కాబట్టి. బీరువా తెరిచిన వాడు రెండూ ఒకటే అనుకుంటే ఎవరిని తిట్టాలి? స్నోమెడ్‌లో అదే సిస్టు తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూశాను. అక్కడ చోటు: అండాశయం. మార్పు: సిస్టు. తల్లిదండ్రుల వరుసలో క్యాన్సరు లేదు, కణుతి లేదు. రాత్రి పదకొండున్నరకు పిల్లకు ఫోను చేసి, "నీటిబుడగే అమ్మా. క్యాన్సరు అని నీ కాగితంలో ఎవరూ రాయలేదు. మిగతాది పొద్దున డాక్టరును అడుగు" అన్నాను. "అత్తా, మరి ఆ చెట్టులో ఎందుకుంది?" అని అడిగింది. ఇంజనీరింగు పిల్ల కదా. బీరువా కథే చెప్పాను. మర్నాడు డాక్టరు కూడా నీటిబుడగే అన్నారు, రెండు నెలల తర్వాత మళ్లీ స్కాన్ చేద్దామన్నారట. తగ్గిపోయింది కూడా.

అందుకే ఐదు చుక్కల్లో స్నోమెడ్‌కు నాలుగు, మెష్‌కు మూడు ఇస్తాను. మెష్‌లో అర్థం వాక్యం చదవండి, చెట్టు ఎక్కకండి. స్నోమెడ్‌లో చెట్టు చూడండి, వాక్యం కోసం వెతకకండి. ఇంట్లో రిపోర్టు చేతిలో పెట్టుకుని గుండె దడదడలాడుతున్న మనిషికైతే రెండూ వద్దు. అలాంటప్పుడు ఏ నిఘంటువూ ధైర్యం చెప్పదు. నర్సింగు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులకు తెలుగు మాధ్యమం నుంచి వెళ్లిన పిల్లలకు మాత్రం స్నోమెడ్ తప్పకుండా చూపించండి. మాటలు బట్టీ పట్టే బదులు చుట్టరికం పట్టుకుంటారు.

పొట్టి అక్షరాల విషయం మరిచిపోయాను. ఆర్‌టీఏ అని ఒక కేసు కాగితం వచ్చింది. నెల్లూరులో ఎవరిని అడిగినా ఆర్‌టీఏ అంటే లైసెన్సుల ఆఫీసు అంటారు. ఆసుపత్రి కాగితంలో అది రోడ్డు ప్రమాదం కావచ్చు, మూత్రపిండాల నాళికలు సరిగా పనిచేయక రక్తంలో ఆమ్లం పేరుకునే జబ్బు కావచ్చు. స్నోమెడ్‌లో కొడితే రెండూ విడివిడిగా, పూర్తి పేర్లతో వచ్చాయి. కాగితం ఎముకల విభాగానిది కాబట్టి అనుమానం తీరిపోయింది. అమరంలో మూడో కాండలో నానార్థవర్గం అని ఒకటుంది, ఒకే మాటకు పలు అర్థాలు చెప్పేది. అందులోని మాటలకు వరుస చివరి హల్లును బట్టి ఉంటుంది. చిన్నప్పుడు అన్నిటికన్నా ఏడిపించింది ఆ వర్గమే.

మన తెలుగు జబ్బుల మాటల్లో సగం ఆ వర్గానివే. ‘గడ్డ’ తీసుకోండి. మా నెల్లూరు కూరగాయల బజారులో ఎర్రగడ్డ అంటే ఉల్లి, తెల్లగడ్డ అంటే వెల్లుల్లి. పెరుగు తోడుకుంటే గడ్డ. వేసవిలో పిల్లల ఒంటి మీద లేచేదీ గడ్డే. స్కానింగులో చీము కనబడినా గడ్డ, కొవ్వు కనబడినా గడ్డ, క్యాన్సరు కణితి కనబడినా గడ్డే. స్నోమెడ్‌లో వీటిలో ఒక్కోదానికి ఒక్కో అంకె. డాక్టరు "గడ్డ ఉంది" అని ఒక్క మాట అని గదిలోంచి పంపేస్తే ఇంటికి చేరేలోపు ఆ మాట ఏ అర్థమైనా తెచ్చుకుంటుంది. ‘తిమ్మిరి’ కూడా అంతే. సూదులు గుచ్చినట్టుండటం వేరు, స్పర్శ తెలియకపోవడం వేరు, పిక్క పట్టేయడం వేరు. వింజమూరు రైతు మళ్లీ వచ్చినప్పుడు ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా అడిగాను. కాసేపు అరికాలి వైపు చూసుకుని, "చెప్పు జారిపోయినా తెలియడం లేదమ్మా" అన్నాడు. అది స్పర్శ. కాగితంలో అదే రాశాను. రెండో ముక్క కూడా రాశాను, పదేళ్లుగా షుగరు ఉందని. మొదటిసారి వచ్చినప్పుడు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

అప్పటి నుంచి కౌంటరు కింద ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు పెట్టుకున్నాను. పేజీకి ఒక తెలుగు మాట. కింద అది ఎన్ని భావనలుగా చీలుతుందో, ఏ ప్రశ్న అడిగితే ఏ వైపు తేలుతుందో, పక్కన స్నోమెడ్ అంకె. గడ్డకు ఆరు వరుసలు, ఆయాసానికి నాలుగు, వాపుకు ఐదు. కనిగిరి వైపు నుంచి వచ్చేవాళ్లు చెప్పే ‘ఫ్లోరైడు నొప్పులు’కు పళ్లది ఒక వరుస, ఎముకలది ఒక వరుస. మొన్న ఉదయగిరి నుంచి వచ్చిన ముసలామె "కడుపులో దేవినట్టుంది" అంది. ఒక్క నిమిషంలో వికారం పేజీ దొరికింది, 422587007. తృప్తిగా రాసుకుంటుంటే ఆమె నోటుబుక్కులోకి తొంగిచూసి, "అన్నం చూస్తేనేనమ్మా, నీళ్లు తాగితే ఏమీ లేదు. అది కూడా రాయి" అంది. అంకె పక్కన జాగా సరిపోక మార్జినులో రాశాను.